ఎండలోకి దింపే ముందు: సీమ విశ్వవిద్యాలయాలకు బహిరంగ లేఖ

యోగి వేమన (కడప), రాయలసీమ (కర్నూలు) విశ్వవిద్యాలయాల గౌరవనీయ ఉపకులపతులకు,

దేహం, వస్తువు, వాతావరణం పాటించే నియమాలను సమీకరణాలుగా రాసి, కొలతలు మార్చినకొద్దీ ఫలితం ఎలా మారుతుందో తెర మీద చూపే పద్ధతిని కంప్యూటర్ సిమ్యులేషన్ అంటారు. 2006లో ఒకటి, 2008లో మరొకటి ఏర్పడిన ఈ రెండు విశ్వవిద్యాలయాలు వ్యాయామ విద్య బోధనలో దానికి చోటు కల్పించాలన్నది ఈ లేఖ విన్నపం.

ఉదాహరణకు, విసిరిన వస్తువు 45 డిగ్రీల కోణంలో అత్యధిక దూరం పోతుందని ఇంటర్మీడియట్‌లో చదివిన విద్యార్థి షాట్‌పుట్ ఇనుప గుండుకూ ఆ సూత్రమే వర్తిస్తుందనుకుంటాడు. అది వదిలిన చోటూ పడిన చోటూ ఒకే ఎత్తులో ఉన్నప్పటి మాట అని, గుండు చేతిని వీడేది దాదాపు 2 మీటర్ల ఎత్తులో అని అతనికి తట్టదు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, ఆ ఎత్తు నుంచి సెకనుకు 12 మీటర్ల వేగంతో వదిలిన గుండు 45 డిగ్రీలకు సుమారు 16.46 మీటర్లు, 41.5 డిగ్రీలకు 16.56 మీటర్లు పోతుంది, అంటే కోణం దిద్దుకుంటే దక్కేది జానెడు కూడా కాదు. వేగం మరో అర మీటరు పెరిగితే మాత్రం, కోణం 37 డిగ్రీలకు దిగినా, దూరం 17.6 మీటర్లకు చేరుతుంది. ఈ అంకెలను తానే మార్చి చూసిన విద్యార్థికి సాధన దేని మీద పెట్టాలో ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే సీమకు ఇంతకన్నా అత్యవసరమైన పాఠం ఎండది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ జిల్లాల పొడిగాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కనుక, పరుగెత్తేవారికి ఒంట్లో నీరు ఎంత పోతున్నదీ తెలియదు. దేహం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి స్పృహ చెదిరితే అది వడదెబ్బ, ప్రాణాంతకం. దీన్ని ఎవరి ఒంటి మీదా ప్రయోగించి చూపకూడదు, తెర మీద మాత్రం గంట గంటకూ చూపవచ్చు. రేపు వ్యాయామ ఉపాధ్యాయులై (పీఈటీలు) పిల్లలను మైదానంలోకి దింపబోయే విద్యార్థులకు ఈ పాఠం లేకపోవడం చిన్న లోపం కాదు.

కదలికల అధ్యయనానికి స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు రూపొందించిన ఓపెన్‌సిమ్ ఉచితంగానే దొరుకుతుంది. కానీ ఏ సిమ్యులేషన్ అయినా ఇచ్చిన కొలతలను మించి చెప్పలేదు కనుక, ఆ కొలతలు సీమ విద్యార్థులవీ సీమ ఎండవీ కావాలి. ఈ సిమ్యులేషన్ పాఠాలకు కేటాయించే గంటలు మైదానం గంటల్లోంచి కోసినవి కాకూడదు.