అంచనాలో మన వీధి పేరుందా?

మా పట్టణానికి కొన్నేళ్ల కిందట కొత్త మంచినీటి పథకం మంజూరైంది. పైపులైను వేశారు, ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు, ప్రారంభోత్సవమూ జరిగింది. ఆ ట్యాంకుకు కూతవేటు దూరంలో ఉన్న మన బస్తీలో నాలుగు వీధులకు మాత్రం నేటికీ ట్యాంకరే దిక్కు. పెద్దలం కొందరం వెళ్లి విచారిస్తే, ‘ఆ వీధులు అంచనాలో లేవండీ’ అన్నారు. ఆ మాటలో ద్వేషమేమీ లేదు. కాగితంలో లేని పనిని ఎలా చేస్తామన్నదే వారి ప్రశ్న.

ప్రభుత్వ కార్యాలయాల్లో దశాబ్దాలు దస్త్రాల మధ్య గడిపిన మాకు ఆ ప్రశ్న బరువు తెలుసు. ఏ నీటి పథకమైనా సర్వే, అంచనా, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు అనే వరుసలో నడుస్తుంది. కొలతల పుస్తకంలోకి ఎక్కిన పనికే బిల్లు వస్తుంది. సర్వే నాడు జారిపోయిన వీధిని తర్వాత చేర్చాలంటే సవరించిన అంచనా కావాలి, అదనపు నిధులు కావాలి, మళ్లీ మంజూరు కావాలి. ఈలోగా ఆడవారు బిందెలతో వరుసలో నిలబడుతూనే ఉంటారు.

మన వీధులే ఎందుకు జారిపోతున్నాయి? 2021లో జరగవలసిన జనగణన ఆ ఏడాది జరగలేదు. 2011 లెక్కలను ఆధారంగా తీసుకుంటే ఆ తర్వాత పెరిగిన బస్తీలు జనాభాలోకి రావు. పైగా మనవారిలో చాలామంది అద్దె ఇళ్లలోనో, పట్టా లేని స్థలాల్లోనో ఉన్నారు. ఇంటి పన్ను రశీదు లేనివారికి కుళాయి దరఖాస్తు వద్దే దారి మూసుకుపోతుంది. పక్కనున్న దళితవాడదీ, మగ్గాలవారి వీధిదీ ఇదే కథ. కనుక ఇది మన ఒక్కరి ఫిర్యాదుగా మిగలకూడదు.

నిధుల సంగతి చూద్దాం. 2021 అక్టోబరులో ప్రారంభమైన అమృత్ 2.0 పట్టణాల్లో ఇంటింటికీ కుళాయి లక్ష్యంగా పెట్టుకుంది. లక్షలోపు జనాభా ఉన్న పట్టణాలకు కేంద్రం సగం వ్యయం భరిస్తుంది. లక్ష నుంచి పది లక్షల వరకు మూడోవంతు మాత్రమే. మిగిలినది రాష్ట్రమూ, పురపాలక సంఘమూ సమకూర్చుకోవాలి. ఖజానా బలహీనమైన చోట కోత పడేది చివరి వీధులకే. గ్రామాల కోసం 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు ఇవ్వాలంటుంది. ఊరిలోపలి పనుల వ్యయంలో గ్రామస్తుల వాటా 10 శాతం. కొండ, అటవీ ప్రాంతాల్లోనూ, ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న గ్రామాల్లోనూ అది 5 శాతమే. ఆ ఊరటను మేము హర్షిస్తున్నాము. అయితే కూలితో బతికే ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న గ్రామాలకూ అదే ఊరట ఎందుకు ఉండకూడదని అడుగుతున్నాము. మైనారిటీ ప్రాంతాల కోసం ఉన్న ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమంలో 80 శాతం నిధులు విద్య, ఆరోగ్యం, నైపుణ్యాలకు కేటాయించారు. అది సబబే. కాని ఆ మిగులుతో ఊరికి నీరు వస్తుందనుకుంటే భ్రమే అవుతుంది. మన వాటా ప్రధాన పథకంలోనే ఉండాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు. మంజూరుకు ముందే అంచనాను వీధుల పేర్లతో సహా వార్డు కార్యాలయంలోనూ సచివాలయంలోనూ ప్రదర్శించాలి. పట్టా లేకున్నా నివాసం రుజువైతే కుళాయి ఇవ్వాలి. పైపులైను చివరి ఇంట్లో నీరు ఎంతసేపు, ఎంత ధారగా వస్తున్నదో కొలిచిన తర్వాతే పని పూర్తయినట్లు ధ్రువీకరించాలి.

మన బాధ్యతా ఉంది. రంజాన్ మాసంలో సదఖా సొమ్ముతో బోర్లు వేయించే దాతలను అల్లాహ్ దీవించుగాక. కాని భూగర్భ జలం అడుగంటితే ఆ బోరూ ఎండుతుంది. మోటారు కాలితే బాగుచేయించే నాథుడుండడు. మదీనాలో పేదలు నీటికి వెల కట్టలేని రోజుల్లో హజ్రత్ ఉస్మాన్ (రజి.) రూమా బావిని కొని అందరికీ వక్ఫ్ చేశారు. నీరు అందరిదిగా ఉండాలన్నదే అందులోని పాఠం. నేడు ఆ పాఠాన్ని పాటించడమంటే బోరు వేయించడంతో పాటు ప్రజాధనంతో నడిచే పథకం అందరికీ అందేలా చూడటం కూడా.

కుళాయి ఎండినప్పుడు సంతకాలు సేకరించే మనం, సర్వే జరిగే రోజున ఎక్కడుంటున్నాం? గ్రామ నీటి సంఘంలో సగం స్థానాలు మహిళలవి. నీటి కష్టం మోసేది వారే కనుక మన అక్కాచెల్లెళ్లను ఆ సమావేశాలకు పంపాలి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెబుతున్నది. అవి పనిచేస్తున్నాయో లేదో అడగాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈ నెలలో ఒక్క పని చేద్దాం. జుమా తర్వాత ప్రతి మస్జిద్ వద్ద నలుగురు కూర్చుని కుళాయి లేని వీధుల జాబితా రాయాలి. పొరుగు వాడల పేర్లూ అందులో చేర్చాలి. ఆ జాబితాను ఇంజనీరు కార్యాలయంలో ఇచ్చి రశీదు తీసుకోవాలి. రేపు మళ్లీ ‘అంచనాలో లేదు’ అన్న మాట వినబడితే, ఆ రశీదు మన చేతిలో ఉంటుంది.