బొగ్గుబాయి కూలీలు... రాజ్యాంగంలో తెలుగు

రామగిరి, గోదావరిఖని ప్రాంతంలో సమ్మె అంటే ఏమిటో పిల్లలకు సైతం చెప్పనక్కర్లేదు. బాయి బంద్ అయితే ఇల్లు ఎలా గడుస్తుందో ప్రతి కుటుంబానికీ తెలుసు. మరి 1913లో దక్షిణాఫ్రికా బొగ్గు గనుల్లో సమ్మె చేసినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారని ఎంతమందికి తెలుసు?

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన 'ట్రూరో' ఓడ డర్బన్ రేవు చేరింది. నాటల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను చేరవేసిన తొలి ఓడ అది. 1911 దాకా లక్షా 52 వేల మందికి పైగా అలా వెళ్లారు. మద్రాసులో ఓడెక్కిన వారిలో తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, ఆర్కాటు ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. తోటలకే కాదు... న్యూకాజిల్, డండీల్లోని బొగ్గు గనులకూ కూలీలను పంపారు.

ఒప్పందం ముగిశాక అక్కడే స్వేచ్ఛగా బతకాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. కట్టలేనివాళ్లు మళ్లీ ఒప్పంద కూలికి వెళ్లాల్సిందే. దాన్ని రద్దు చేయాలంటూ 1913 అక్టోబరులో న్యూకాజిల్ గని కార్మికులు పని మానేశారు. యజమానులు వాళ్ల ఇళ్లకు నీళ్లు, దీపాలు ఆపేశారు. కార్మికులు పిల్లాపాపలతో రోడ్డెక్కారు. గాంధీజీ వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. దారిలో రొట్టె, కాస్త చక్కెరే తిండి.

గాంధీజీని అరెస్టు చేసిన ప్రభుత్వం, కార్మికుల్ని రైళ్లలో వెనక్కి పంపింది. గని ఆవరణలనే జైళ్లుగా ప్రకటించి, గని ఉద్యోగులనే వార్డర్లను చేసింది! గనిలోకి దిగనన్న వాళ్లను కొరడాలతో కొట్టారు. అయినా సమ్మె ఆగలేదు, చెరకు తోటలకూ పాకింది. చివరికి 1914లో ఆ పన్ను రద్దయింది.

అలా నిలదొక్కుకున్నవారి సంతానమే నేటి దక్షిణాఫ్రికా తెలుగువారు. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషనూ, పండుగలనూ కాపాడుకుంటూ వచ్చారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం, ప్రోత్సహించి గౌరవించాల్సిన భాషల్లో తెలుగునూ పేరు పెట్టి చేర్చింది. మన నేలకు అంత దూరాన మన భాషకు దక్కిన అరుదైన గౌరవమిది.

అయితే ఆ ఇళ్లలో ఇప్పుడు వినిపించేది ఎక్కువగా ఇంగ్లిషే. ఇంటిపేరుగా 'నాయుడు' మిగిలింది, నాయనమ్మ మాట్లాడిన తెలుగు మనవల దాకా రాలేదు. బడిలో, కొలువులో ఇంగ్లిషే అక్కరకొచ్చింది మరి! బొగ్గుబాయి ఇళ్ల నుంచి కూడా పిల్లలు హైదరాబాదుకు, అమెరికాకు వెళ్తున్నారు. వాళ్ల పిల్లలకు ఫోన్లోనైనా తాతయ్య తెలుగులో బాయి కబుర్లు చెప్పాలి. ఆ పని ఏ రాజ్యాంగమూ చేసిపెట్టదు కదా!