బయటపడినవాడు మరచిపోయాడు

సంగారెడ్డి పట్టణంలో ఒక పాత కారాగారం ఉంది. రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ పాలనాకాలంలో, 1796లో నిర్మితమైన ఈ జైలు రెండు శతాబ్దాలకు పైగా ఖైదీల నిట్టూర్పులు విన్నది. ఖైదీలను కొత్త జైలుకు తరలించిన తరువాత దీనిని మ్యూజియంగా మార్చారు. 2016లో జైళ్ళ శాఖ ఇక్కడ ఒక వింత పథకాన్ని ప్రవేశపెట్టింది. అప్పట్లో అయిదు వందల రూపాయలు చెల్లించినవారికి ఇరవై నాలుగు గంటలపాటు ఖైదీగా గడిపే వీలుండేది. వారికి ఖద్దరు దుస్తులు, స్టీలు పళ్ళెం, గ్లాసు, మగ్గు, సబ్బు ఇచ్చేవారు. తిండి జైలు నియమావళి ప్రకారమే ఉండేది. సెల్‌ఫోను వెంట ఉంచుకోనిచ్చేవారు కాదు. తాము ఉండే గదిని తామే ఊడ్చుకోవలసి ఉండేది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకడు కొంతకాలం క్రితం ఇద్దరు మిత్రులతో కలిసి అక్కడికి ప్రయాణమయ్యాడు. “ఉస్తాద్‌జీ, మీరూ రండి. ఒక్క రోజే కదా!” అని పట్టుబట్టాడు. మేము మొదట సంశయించాము. ఎందరో కన్నీరు కార్చిన చోటికి వినోదం కోసం వెళ్ళడం తగునా అనిపించింది. అయితే పరలోకం గుర్తుకు వస్తుందని సమాధులను సందర్శించడానికి దైవప్రవక్త (స) అనుమతించారు కదా! ఆ సంకల్పంతోనే బయలుదేరాము.

ఉదయం పది గంటలకు లోపల అడుగుపెట్టాము. పగలంతా యువకులు నవ్వుతూ తుళ్ళుతూ గడిపారు. ఖద్దరు దుస్తుల్లో ఒకరినొకరు చూసుకొని పరిహాసమాడుకొన్నారు. మగ్రిబ్ నమాజు తరువాత వారి మాటలు తగ్గాయి. చేతులు పదేపదే ఖాళీ జేబుల్లోకి వెళ్ళి ఫోను కోసం వెదికాయి. ఇషా ముగిశాక మా విద్యార్థి, “ఇంకా ఎంతసేపు ఉస్తాద్‌జీ?” అని అడిగాడు. మేము వాచీ చూసి, “పదమూడు గంటలు” అన్నాము. కొంతసేపటికి మళ్ళీ అడిగాడు. “పన్నెండు” అన్నాము. ఆ అంకె వినగానే వాడి ముఖంలో ఊరట కనిపించింది.

ఆ ఊరట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. గోడలు నిజమైనవే, ఊచలు నిజమైనవే, రాతి నేల చల్లదనం కూడా నిజమైనదే. అయినా మేము ఉన్నది జైలు కాదు. ఎప్పుడు బయటపడతామో మాకు తెలుసు. ఆ సంగతి తెలియకుండా గడిపే రాత్రికి జైలు అని పేరు.

మన దేశంలో అలా గడిపేవారు ఎందరు? ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో సుమారు 5 లక్షల 73 వేల మంది ఉండగా, వారిలో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. శిక్ష పడినవానికి విడుదల తేదీ ఒకటి ఉంటుంది. విచారణ ఖైదీకి ఉన్నది వాయిదా తేదీ మాత్రమే. అది వస్తుంది, మరో తేదీని చూపించి వెళ్ళిపోతుంది.

ఇక్కడ మేము ఒక విషయం ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మా మదరసాలో పదేళ్ళ పిల్లవాడొకడు చదివేవాడు. ఒక కేసులో వాడి తండ్రిని అరెస్టు చేశారు. జామీను మంజూరయినా పూచీ నిలిచేవారు దొరకలేదు. వీధిలోని వారు ఆ ఇంటికి వెళ్ళడం మానుకొన్నారు. ఒకనాడు పిల్లవాని తల్లి మదరసా గుమ్మం వద్ద నిలబడి, “మౌలానా సాబ్, వకీలుతో మాట్లాడడానికి ఎవరినైనా పంపుతారా?” అని అడిగింది. మేము ఆమెకు సబర్ గురించి నాలుగు మంచిమాటలు చెప్పాము, దుఆ చేస్తామన్నాము. చేశాము కూడా. అంతకు మించి ఏమీ చేయలేదు. పోలీసు వ్యవహారంలో తలదూరిస్తే మదరసాకు చెడ్డపేరు వస్తుందేమోనన్నదే మా భయం. ఆ భయానికి వివేకమని పేరు పెట్టుకొన్నాము.

నాలుగేళ్ళ తరువాత ఆయన నిర్దోషిగా విడుదలయ్యాడు. ఒక జుమా నాడు మదరసాకు వచ్చి సలాం చెప్పాడు. నిందించలేదు, కోపగించలేదు. వెళ్ళబోతూ మాత్రం, “ములాఖాత్ రోజున పేర్లు పిలుస్తున్నప్పుడల్లా, మౌలానా సాబ్ వచ్చారేమోనని చెవి ఒగ్గి వినేవాణ్ణి” అన్నాడు. సంగారెడ్డి జైలు గదిలో ఆ రాత్రి మాకు వినిపించిన మాట ఇదే.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని మేము ప్రతి ఏటా పిల్లలకు బోధిస్తాము. ఆయన ఏ పాపమూ చేయకుండానే చెరసాల పాలయ్యారు. తోటి ఖైదీలు ఇద్దరి కలలకు భావం చెప్పారు. విడుదల కానున్న వానితో, నీ యజమాని వద్ద నా సంగతి ప్రస్తావించమని కోరారు. అతడు బయటపడ్డాడు, మరచిపోయాడు. షైతాను మరపించాడని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఫలితంగా ఆ దైవప్రవక్త మరికొన్ని సంవత్సరాలు చెరలోనే ఉండిపోయారు. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెబుతూ మేము ఎల్లప్పుడూ యూసుఫ్ సహనం గురించే మాట్లాడాము. మరచిపోయినవాని గురించి ఆగి ఆలోచించలేదు. అతడు దుర్మార్గుడు కాడు, ద్రోహి కాడు. సుఖంగా ఉన్నాడు, పనిలో పడ్డాడు, అంతే. అతనిలో మేము మమ్మల్ని చూసుకొన్నాము.

మన పూర్వ విద్వాంసుల తీరు వేరు. హనఫీ ధర్మశాస్త్ర పండితులైన ఇమాం సర్ఖసీ (రహిమహుల్లాహ్) పాలకుని ఆగ్రహానికి గురై ఉజ్‌గంద్‌లో బందీ అయ్యారు. ఆయన్ని నేలలో తవ్విన గోతిలో ఉంచారని, ఆయన లోపలి నుంచి చెబుతుంటే శిష్యులు గట్టున కూర్చొని వ్రాసుకొన్నారని మా మదరసాలలో తరతరాలుగా చెప్పుకొంటారు. బృహత్తరమైన ‘అల్ మబ్‌సూత్’ గ్రంథం అలా వెలువడింది. శిష్యులు గురువును విడువలేదు. గురువులమైన మేమో, శిష్యుని తండ్రిని విడిచిపెట్టాము.

“నేరం చేసినవాడైతే?” అని కొందరు అడుగవచ్చు. నేరానికి శిక్ష ఉండవలసిందే. బాధితునికి న్యాయం జరగవలసిందే. అపరాధిని తప్పించడానికి సాయపడమని ధర్మం చెప్పదు. అయితే నిరుపేదతో, అనాథతో పాటు బందీకి కూడా అన్నం పెట్టే సజ్జనులను సూరహ్ అల్ ఇన్సాన్ ప్రశంసిస్తోంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన బందీలు ముస్లిముల ప్రాణాలు తీయడానికి వచ్చినవారే. అయినా వారిని ఆదరంగా చూడాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇమాం అబూ యూసుఫ్ (రహిమహుల్లాహ్) ఖలీఫా హారూన్ రషీద్ కోసం రచించిన ‘కితాబుల్ ఖరాజ్’లో ఖైదీల తిండికి, చలికాలం వేసవికాలం దుస్తులకు ఖజానా నుంచే వెచ్చించాలని, వారిని సంకెళ్ళతో వీధుల్లో బిచ్చమెత్తించరాదని సలహా ఇచ్చారు. అధికారులు ఖైదీల వ్యవహారాలను తరచూ పరిశీలిస్తే జైళ్ళలో జనం తగ్గుతారని కూడా సూచించారు. పన్నెండు వందల ఏళ్ళ నాటి ఆ సలహా నేటికీ పాతబడలేదు.

పాఠక సోదర సోదరీమణులారా! ఈనాటి చట్టం కూడా కొన్ని తలుపులు తెరిచి ఉంచింది. నిర్బంధంలో ఉన్న వ్యక్తి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హుడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేస్తే వకీలును నియమిస్తారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ, ఆ నేరానికి విధించదగిన గరిష్ఠ శిక్షాకాలంలో మూడవ వంతు జైలులో గడిపితే విడుదలకు అర్హుడవుతాడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికి మించి కేసులు ఉన్నవారికి ఇది వర్తించదు. జామీను సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీలకు, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీలకు సాయమందించే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. ఈ సంగతులు లోపల ఉన్నవారికి, గుమ్మం వద్ద ఏడ్చే తల్లికి తెలియవు. తెలిసినవారు వెళ్ళి చెప్పాలి. ఆ కుటుంబం పేదదైతే జకాత్‌కు అర్హమైనదే. పిల్లవాని ఫీజు కట్టడం, పండుగకు బట్టలు కుట్టించడం, వాడి తండ్రి పేరు ఎత్తి వీధిలో ఎవరూ అవమానించకుండా చూడడం, ములాఖాత్ రోజున ఆ తల్లికి తోడుగా మీ ఇంటి ఆడవారిని పంపడం వంటివి ఏ చట్టమూ అవసరం లేని పనులు.

మరునాడు ఫజ్ర్ తరువాత మేము నలుగురమూ గదిని ఊడ్చాము. పది గంటలకు ముఖద్వారం తెరిచారు. ఫోన్లు చేతికి రాగానే యువకులు ఫోటోలు తీసుకొన్నారు. మేము వారించలేదు. తిరుగు ప్రయాణంలో వారికి ఆ తండ్రి కథ చెప్పాము. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బస్సు దిగేముందు మా విద్యార్థి, “ఉస్తాద్‌జీ, ఇప్పుడు మన మదరసాలో అలాంటి పిల్లలు ఎవరైనా ఉన్నారా?” అని అడిగాడు.

ఉన్నాడు. ఒకడున్నాడు. ఆ సోమవారమే మేము వాడి తల్లిని, వాడి మేనమామను వెంటబెట్టుకొని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్ళాము. దరఖాస్తు మా చేతితోనే వ్రాశాము. కేసు ఇంకా నడుస్తోంది, దాని ముగింపు అల్లాహ్‌కే ఎరుక. అయితే ఇప్పుడు ములాఖాత్ రోజున పిలిచే పేర్లలో మా పేరు కూడా ఉంటోంది.

నిర్దోషులైన బందీలందరికీ అల్లాహ్ విముక్తి ప్రసాదించుగాక! అపరాధులకు పశ్చాత్తాప భాగ్యం కలిగించుగాక! బయట ఉన్న మనల్ని మరచిపోయేవారిలో చేర్చకుండుగాక! ఆమీన్.