డిక్రీ వచ్చినా పొలం రాదు
భాగపంపిణీ దావాల్లో మూడు మెట్ల ప్రయాణం

ఉమ్మడి పొలంలో తన వాటా కోసం ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగిన రైతుకు చివరికి డిక్రీ వస్తుంది. ఊళ్ళో అందరూ అతను గెలిచాడనే అనుకుంటారు. కాని మరుసటి పంటకు కూడా ఆ పొలంలో అతని అరక దిగదు. ఎందుకంటే అతని చేతికి వచ్చింది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరి వాటా ఎంతో అది చెబుతుంది గాని, ఏ గట్టు ఎవరిదో చెప్పదు.

గట్లు తేలాలంటే ఫైనల్ డిక్రీకి మరో దరఖాస్తు పెట్టుకోవడం చిరకాలంగా ఉన్న ఆనవాయితీ. కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ను నియమిస్తుంది. ఆయన సర్వేయరును వెంటబెట్టుకుని పొలం కొలిపించి నివేదిక ఇవ్వాలి. దానిపై అభ్యంతరాలు తేలాక ఫైనల్ డిక్రీ అవుతుంది. దానికి స్టాంపు కాగితాలు దాఖలు చేయాలి. అప్పటికీ అవతలివారు పొలం వదలకపోతే మూడో మెట్టు ఎగ్జిక్యూషన్ పిటిషన్. ఈలోగా కక్షిదారుల్లో ఎవరైనా మరణిస్తే వారసులను రికార్డులోకి తెచ్చి మళ్ళీ నోటీసులు పంపాలి.

ఈ జాప్యంలో వాటాలే మారిపోయిన సందర్భాలున్నాయి. ఒంగోలు కోర్టులో నడిచిన ఒక భాగపంపిణీ దావాలో 1999లో ప్రిలిమినరీ డిక్రీ అయింది. ఫైనల్ డిక్రీ కాకముందే, 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చారు. ఆ ఇంటి ఆడపడుచులకు ఈ హక్కు వర్తిస్తుందని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆడపిల్లలకు న్యాయమే జరిగింది. అయితే డిక్రీ అయిన పన్నెండేళ్ళకు కూడా ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నే ఆ కుటుంబాన్ని వదల్లేదు.

దావాలు త్వరగా తేలాలని చట్టాన్ని సవరించకపోలేదు. 2002 జూలై 1 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వరాదు. అసాధారణ పరిస్థితుల్లో సడలింపు ఉండవచ్చునని 2005లో సుప్రీంకోర్టు పేర్కొంది. అయితే ఈ నిబంధన విచారణను తొందరపెడుతుందే తప్ప, డిక్రీ తర్వాతి రెండు మెట్లను తగ్గించదు. భారతదేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ పొందాకే మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే వ్యాఖ్యానించింది.

ఈ లోపాన్ని సరిదిద్దే ఆదేశాలు ఇటీవలి కాలంలో వెలువడ్డాయి. ఎగ్జిక్యూషన్ పిటిషన్లను దాఖలైన ఆరు నెలల్లో పరిష్కరించాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. భాగపంపిణీ దావాల్లో ప్రిలిమినరీ డిక్రీ కాగానే, వేరే దరఖాస్తు కోసం చూడకుండా కోర్టే ఫైనల్ డిక్రీ చర్యలకు వాయిదా వేయాలని 2022 జూన్‌లో స్పష్టం చేసింది. ఈ సంగతి కక్షిదారులు తెలుసుకుని, డిక్రీ అయిన రోజునే తమ వకీలు ద్వారా తదుపరి వాయిదా తేదీ అడగడం మంచిది.

ఆదేశం ఉన్నంత మాత్రాన పొలం కొలత జరగదు. కమిషనర్ పిలిచినప్పుడు రావడానికి సర్వేయరు ఉండాలి. నోటీసులు సకాలంలో అందించడానికి, పొలం స్వాధీనం చేయించడానికి కోర్టు అమీనాలు సరిపడా ఉండాలి. కొత్త కోర్టులు, కొత్త భవనాలు అడిగేటప్పుడు వీటిని కూడా అడగాలి. ఏడాదికి ఎన్ని తీర్పులు చెప్పారన్న లెక్కతో పాటు, ఎందరికి వారి పొలం చేతికి వచ్చిందన్న లెక్క కూడా తీస్తే జాప్యం అసలు ఎక్కడుందో తేటతెల్లమవుతుంది.