బావినీటి లెక్క ఎవరి సొత్తు?

సంస్కృతమున విషశబ్దమునకు నీరనియు నర్థము కలదు. నిఘంటువునందలి యీ విచిత్రము నేడు కొన్ని పల్లెలయెడ నిజమగుచున్నది. కేంద్ర భూగర్భజల మండలి 2020లో ప్రకటించిన నివేదిక ననుసరించి, 18 రాష్ట్రములకు చెందిన 151 జిల్లాలలో అక్కడక్కడ భూగర్భజలమున యురేనియము లీటరునకు 30 మైక్రోగ్రాములను మించియున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో సూచించిన హద్దు అంతియే. ఈ లోహము కరగిన నీటికి రుచిభేదము లేదు, వాసన లేదు, రంగు లేదు. కిరణప్రసారముకంటె మూత్రపిండములకు చేయు రసాయనికహానియే దీనివలని ముఖ్యభయము. త్రాగువాని కిది యెట్లు తెలియును?

తెలిసికొను సాధనము లేకపోలేదు. నీటిలో పైరోఫాస్ఫేటును కలిపి, అతినీలలోహిత లేజరు కిరణమును క్షణకాలము ప్రసరింపజేసినచో యురేనియము పచ్చని కాంతి నీనును. నీటనుండు కుళ్లిన ఆకులలముల సారమును వెలుగును గాని, ఆ వెలుగు సెకనులో శతకోటి భాగములు కొన్ని గడచునంతలోనే యారిపోవును. యురేనియపు కాంతి అంతకు వేయిమడుగులకు పైగా నిలుచును. యంత్రము తొలివెలుగును విడిచి, నిలిచిన వెలుగునే కొలుచును. లీటరునకు ఒక మైక్రోగ్రాముకంటె తక్కువయున్నను పట్టుపడును. ఇందోరులోని రాజా రామన్న కేంద్రమువారు ఇట్టి యంత్రములను స్వదేశముననే నిర్మించిరి.

కావున కొఱత యంత్రమున లేదు. కడపజిల్లా తుమ్మలపల్లె యురేనియపు గని వ్యర్థముల చెరువు చెంతనున్న గ్రామములవారు తమ నీరు చెడెనని మొఱపెట్టిరి; గని నడపు ప్రభుత్వసంస్థ కాదనెను. 2019లో రాష్ట్ర కాలుష్యనియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు నిచ్చెను. యురేనియము గల నేలలో నీటియందు అది స్వతస్సిద్ధముగను ఉండవచ్చును. నేటి యంకె యొక్కటియే గనిని దోషిగా నిలుపజాలదు, నిర్దోషిగా విడువనుజాలదు. గనికి ముందటి కొలతయు, ఏటేట ఋతువుఋతువున తీసిన కొలతయు ప్రక్కప్రక్కన నున్నప్పుడే న్యాయము తేలును.

ప్రతివాదియే సాక్షియైన వ్యాజ్యమును ఎవరు నమ్ముదురు? గనితో సంబంధము లేని విశ్వవిద్యాలయములచే కొలిపించి, ఒక్కొక్క బావి యంకెను పంచాయతీ గోడపై తెలుగున వ్రాయింపవలెను. హద్దు మీఱినచోట, కారణముపై వాదము తీరువఱకు ఆగక, మంచినీరు ముందీయవలెను. ఆ నీరు త్రాగువారిదేగాని, దాని లెక్క కార్యాలయపు బీరువాది కాదు.