మందు కొట్టని తిండి మన హక్కు, పది ఇండ్లు కలుద్దాం రండి!

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, సంగారెడ్డి బస్తీల అక్కలారా, చెల్లెలారా, అన్నలారా!

సూపర్ మార్కెట్ల ఆర్గానిక్ కందిపప్పు ధర చూసి, ఇది పైసలున్నోళ్ళ తిండి అనుకొని వెనక్కి వస్తున్నం. కానీ రసాయన ఎరువు, మందు లేని పంట మన జిల్లాలనే ఉన్నది. ముంబై హైవే మీద బస్సెక్కితే జహీరాబాద్. అక్కడ పండించేటోళ్ళు కూడా మనలాంటి కూలి తల్లులే.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983ల మొదలైంది. దాని అండతోని పస్తాపూర్ చుట్టుపక్కల ఊర్లల్ల దళిత మహిళలు సంఘాలు కట్టిన్రు. బీడు భూములు దున్ని జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వేసిన్రు. 1990లల్ల ఏకంగా జొన్నల రేషనే నడిపిన్రు. ఏ ఇంట్ల ఎంత కరువున్నదో ఊరే కూసొని తేల్చింది, బీదోళ్ళకు తక్కువ ధరకు జొన్నలు ఇచ్చింది. 2019ల ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్ళకు వచ్చింది. గుంట భూమి కోసం తండ్లాడిన ఆడోళ్ళు ఇంత చేసిన్రు. నెల జీతం తెచ్చుకునే మనం పది ఇండ్లు కలిసి నాలుగు బస్తాలు కొనలేమా?

రేషన్‌ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి, వదలొద్దు. పగలు అన్నమే తినండి, రాత్రి పూట ఒక్కటి జొన్నకు మార్చండి. చిట్టీ కట్టినట్టు నెలనెలా ఇంత జమ చేద్దాం. సంక్రాంతి దాటినంక కంది, ఆ వెనుక యాసంగి జొన్న వస్తయి. అప్పుడు ఇద్దరు పోయి రైతుల దగ్గరనే తేవాలె. పిండి వద్దు, గింజలు కొందాం. ఎండబోసి వేపాకు కలిపి పెడితే నెలలు ఆగుతయి. మందుల కంపెనీల నీలి డ్రమ్ములు మాత్రం ఎంత కడిగినా గింజలకు, నీళ్ళకు వాడొద్దు!

షిఫ్టు దిగి వచ్చి రొట్టెలు కొట్టే ఓపిక ఉండదు, నిజమే. జొన్నలు రవ్వ లెక్క పట్టించుకోండి, గట్క వండుడు అన్నమంత సులువు. పిల్లలకు తైద అంబలి పోయండి. రాత్రి పిండి నీళ్ళల్ల కలిపి పెట్టి, పొద్దుగాల ఎసట్ల పోసి ఉడికించి, చల్లారినంక మజ్జిగ కలిపితే చాలు. 100 గ్రాముల తైదలల్ల 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంటది. తెల్లబియ్యంల అందుల పదో వంతు కూడా ఉండదు.

కూరల కాడ భద్రం! ఫ్యాక్టరీల విషం ఏండ్లకేండ్లు నక్కవాగుల పారి మంజీరల కలిసింది. ఆ గోస 1990లనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. వాగు ఒడ్డున, నాలా పక్కన మొలిచిన గంగవాయిలి కూర పుణ్యానికి దొరికిందని తెంపుకరావొద్దు. సీసం, ఆర్సెనిక్ లాంటివి ఆకు లోపలికే ఎక్కుతయి, ఉప్పునీళ్ళల్ల కడిగినా పోవు. అంగడిల కూర కొనేముందు అడగండి: ఏ ఊరి కూర, ఏ నీళ్ళు పెట్టిన్రు? పుంటికూర, మెంతికూర మంచి మట్టి తెచ్చి ఇంటి ముందటనే వేసుకుందాం.

మందు కొట్టని రైతులకు రైతుబజార్ల జాగ ఇవ్వాలె. కంపెనీ క్యాంటీన్ల వారానికి ఒకసారన్నా జొన్నరొట్టె పెట్టాలె. ఈ రెండూ అందరం కలిసి అడుగుదాం.

ఈ ఆదివారం పొద్దుగాల 8 గంటలకు మీ గల్లీ పిండిగిర్ని కాడికి రండి. నెలకు ఎన్ని కిలోల జొన్నలు, ఎన్ని కిలోల కందులు కావాల్నో కాగితం మీద రాసుకొని రండి.

– బస్తీ మహిళలం