అడ్డా మీది రైతుకు తాగేందుకు ఏ నీళ్లు?

పంట పోయిన ఏడు పాలమూరు, నారాయణఖేడ్ రైతులు హఫీజ్‌పేట్, మియాపూర్ అడ్డాల మీద కూలీలుగా నిలబడుతున్నారు. వాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అది పట్నం సంగతి అని మనం ఊరుకోలేం. వారం కూలి పోతే ఊళ్లో కిస్తీ ఆగుతుంది.

మందుల దుకాణంలో చేతికొచ్చేది తరచూ ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర. మిర్చికి పట్టింది ఏ పురుగో చూడకుండా డీలరు మూడు డబ్బాలు కలిపి కొట్టమన్నట్టే.

మురుగు మంచినీటి పైపులో కలిస్తే ఒక్క క్రిమే రాదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో అదే జరిగింది, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు. పేరుకు కలరా అన్నాం. కానీ ఒకే రోగి కడుపులో కలరా, రోటా వైరస్, ఈ.కోలి, జియార్డియా వంటివి రెండు మూడు కలిసి ఉండటం కోల్‌కతా ఆస్పత్రుల పరీక్షల్లో పదేపదే బయటపడింది. మైక్రోస్కోపులో అమీబా కనబడగానే వెతకడం ఆపితే వైరస్ దొరకదు. వైరస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు.

అలాగని కనబడ్డ ప్రతి క్రిమీ దోషి కాదు. ఏడు దేశాల్లో జరిపి 2013లో ప్రచురించిన గెమ్స్ అధ్యయనంలో విరేచనాలు లేని పిల్లల్లోనూ ఈ క్రిములు దొరికాయి. ఆకు మీది అక్షింతల పురుగు మనకు శత్రువా? అందుకే లెక్క చూసి, లక్షణాలు చూసి తేల్చే పరీక్ష కావాలి. అది ఏరియా ఆస్పత్రుల్లోనే ఉచితంగా చేయాలి.

ఎన్ని క్రిములున్నా ఎక్కువగా ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు పోవడమే. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు తెచ్చారు. లీటరు శుభ్రమైన నీటికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, పిల్లలకు 14 రోజులు జింకు. రక్తం పడినా, మూత్రం ఆగినా ఆస్పత్రికే.

రోటా టీకా హైదరాబాద్‌లోనూ తయారవుతుంది. 6, 10, 14 వారాల్లో వేయాలి. తల్లి సైటు మారితే డోసు తప్పుతోంది. ఏ కార్డు చూపినా ఏ కేంద్రంలోనైనా వేయాలని మన డిమాండ్.

ఇక బిల్డర్ల సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమే తాగునీటి చోటు మరుగుదొడ్డికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలంది. హఫీజ్‌పేట్ సైట్లలో టేపు పట్టి కొలవమని కార్మిక శాఖను అడుగుతున్నాం. అధికారులు రాకపోతే మన కమిటీలే కొలుస్తాయి.